‘డైమెన్ ఇకర్ ఇన్ ఎ థ్రేవ్’కి తెలుగు మాట కావాలి (బర్న్స్ ఎలుక పద్యం)

పెనుగొండ పిల్ల

అందరికీ నమస్కారం. నేను స్కాట్లండ్‌లో, ఆయర్‌షైర్‌లో, ఒక వృద్ధాశ్రమంలో నర్సుని. వచ్చి నాలుగేళ్లయింది. జనవరి 25 దగ్గరపడిందంటే ఇక్కడ రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు హడావిడి మొదలు. ఆయన పుట్టిన ఆలోవే మాకు బస్సు దూరమే, కాబట్టి అది మామూలుగా ఉండదు. హాగిస్ వండుతారు (గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి చేస్తారు, మన తలకాయ కూర తిన్నవాళ్లకి పెద్ద ఇబ్బందేమీ ఉండదు), పద్యాలు చదువుతారు, పాటలు పాడతారు. ఈసారి మా మేనేజరు, “నువ్వు ఒకటి మీ భాషలో చదవకూడదూ?” అంది. నోరు జారి సరేనన్నాను. అప్పట్నుంచీ టెన్షన్.

తీసుకున్నది ఎలుక పద్యం. 1785 నవంబరులో బర్న్స్ పొలం దున్నుతుంటే నాగలి తగిలి ఒక చిట్టెలుక గూడు చెదిరిపోయింది. చలికాలానికని అది మోళ్లూ ఆకులూ కొరికి తెచ్చి కట్టుకున్న గూడు. ఆయన దాన్ని ఓదారుస్తాడు, తప్పయిందంటాడు. మొత్తం ఎనిమిది చరణాలు. ఎలుకైనా మనిషైనా ఎంత పకడ్బందీగా అనుకున్నా బెడిసికొడుతుందనే పంక్తి ఇందులోదే. అది అందరికీ తెలిసిందే, దానికి తెలుగు దొరికింది. నాకు అడుగు ముందుకి పడనిది మూడో చరణంలో.

అక్కడ ఎలుకతో ఆయన అంటున్నదిది: నువ్వు అప్పుడప్పుడూ దొంగతనం చేస్తావని నాకు తెలుసులే. అయితే ఏమయింది? పాపం, నువ్వూ బతకాలి కదా. ఆ వెంటనే “ఎ డైమెన్ ఇకర్ ఇన్ ఎ థ్రేవ్” అని, అదేమంత పెద్ద కోరిక కాదంటాడు.

ఫోన్‌లో వెతికితే కార్న్ అని వచ్చింది. కార్న్ అంటే మొక్కజొన్నే కదా అని “మొక్కజొన్న పొత్తు” అని రాసేసి, మర్నాడు మా దగ్గరుండే ఒక పెద్దాయనకి చెప్పాను. ఆయనకి తొంభై దాటాయి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలే ఆవులూ పొలమూ చూసుకున్న మనిషి. పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు గానీ, బర్న్స్ మాత్రం ఎక్కడ అందిస్తే అక్కణ్నుంచి అందుకుంటారు. నా మొక్కజొన్న సంగతి విని దగ్గు వచ్చేదాకా నవ్వారు. తర్వాత రెండు చేతుల వేళ్ల కొసలూ కలిపి గుడిసెలా పెట్టి “స్టూక్” అన్నారు. మళ్లీ అలాగే పెట్టి “ఇంకో స్టూక్. అదీ థ్రేవ్” అన్నారు. ఈలోగా మందుల టైమైంది, ఇంకేమీ అడగడం కుదరలేదు.

నాకు పొలం తెలియనిదేమీ కాదు. మా నాన్న కౌలు రైతు. చిన్నప్పుడు పనలు మోసి మెడ దురద పెడితే అమ్మ కొబ్బరినూనె రాసేది. అయినా ఈ థ్రేవ్‌కి ఏం వెయ్యాలో తోచడం లేదు. “కాస్త ధాన్యం” అనేస్తే పని అయిపోతుంది. వినేవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లం నేనూ, వంటగదిలో పనిచేసే నెల్లూరు అబ్బాయీ, అంతే. కానీ ఆ పెద్దాయన ముందు వరసలో కూర్చుంటారు. ఆయనకి తెలుగు రాకపోయినా, ఆయన ఎదురుగా “కాస్త ధాన్యం” అనాలంటే నాకు మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పదాల సంచి

అమ్మా, సగం జవాబు మీ పెద్దాయన చేతులతోనే చెప్పేశారు. మిగతా సగం నేను చెబుతాను.

ముందు పలకడం. అది డైమెన్ కాదు, డేమెన్. స్కాట్స్‌లో ఆ రెండచ్చులూ కలిస్తే మన ఏత్వంలా పలుకుతాయి. నేను గుంటూరులో చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పి, క్లాసులో డైమెన్ అనే చదివాను. ఈ సంగతి రిటైరయ్యాక తెలిసింది. ఆ పిల్లలందరినీ ఇప్పుడు ఎక్కడని వెతికి చెప్పను!

థ్రేవ్ అంటే ఇరవై నాలుగు పనలు. కోసిన పైరుని పనలు కట్టి, ఒక్కోచోట పన్నెండు చొప్పున, వెన్నులు పైకి ఉండేలా ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. వాన ఎక్కువ పడే దేశం కదా, నేల మీద పడేస్తే మొలకలొస్తాయి. అలా నిలబెట్టిందే స్టూక్. మీ పెద్దాయన వేళ్లతో పెట్టిన గుడిసె అదే. రెండు స్టూక్‌లు కలిస్తే థ్రేవ్. వైకింగులు మాట్లాడిన పాత నార్స్ భాషలోంచి వచ్చిన మాట. కోతకి వచ్చినవాళ్లకి థ్రేవ్‌కి ఇంత అని కూలి కట్టే పద్ధతి కూడా ఉండేది. అంటే కవి అక్కడ అందం కోసం ఒక మాట వెతికి తెచ్చి పెట్టలేదు. పొలం గట్టున కూలి లెక్కలు చూసేటప్పుడు నోటికొచ్చే మాట పెట్టాడు.

ఇకర్ అంటే వెన్ను. ధాన్యపు వెన్నుని ఇంగ్లీషులో ఇయర్ అంటారు కదా, దానికీ మనం వినే చెవికీ ఏ చుట్టరికమూ లేదు, పలకడం ఒకటే అయిందంతే. ఇకర్ మాత్రం ఆ ధాన్యపు ఇయర్‌కి తోబుట్టువు. పాత ఇంగ్లీషులో ఉత్తరాన, నార్తంబ్రియా వైపు, ఆ మాట మధ్యలో హకారం ఉండేది. దక్షిణాన అది జారిపోయి ఇయర్ మిగిలింది. స్కాట్లండ్‌లో అదే గట్టిపడి ‘క’ అయి కూర్చుంది.

ఇక డేమెన్. ఎప్పుడో ఒకటి, అరుదుగా ఒకటి. బర్న్స్ తన పుస్తకానికి తానే పదకోశం పెట్టుకున్నాడు. డేమెన్ ఇకర్ అంటే అప్పుడప్పుడూ ఒక వెన్ను అని అర్థం చెప్పుకున్నాడు. ఆ పుస్తకం 1786 జులై 31న కిల్మార్నాక్‌లో అచ్చయింది, 612 ప్రతులు, మూడు షిల్లింగులు. ‘ప్రధానంగా స్కాటిష్ మాండలికంలో’ అని పేరులోనే వేసుకున్నాడు. మర్నాటి ఏడు ఎడింబరోలో మళ్లీ అచ్చు వేస్తే ఆ పదకోశం బాగా పెరిగింది. ఎందుకో ఊహించుకోవచ్చు. బర్న్స్ పొలం దగ్గరి మాక్‌లిన్ గ్రామంలో రైతుకి ఇకర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, ఎడింబరో పెద్దమనుషులకి చెప్పాలి. మన దగ్గర ఊరి మాటలతో కథ రాసినవాళ్లకి కింద అర్థాలు వెయ్యమని అడిగే పత్రికలు గుర్తొస్తున్నాయి, సరే అది వేరే గొడవ.

కార్న్ సంగతి. ఏ ఊళ్లో ఏ పంట ముఖ్యమైతే అక్కడ దాన్నే కార్న్ అనడం వాళ్ల అలవాటు. స్కాట్లండ్‌లో అది ఓట్స్. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో ఓట్స్‌కి అర్థం రాస్తూ, ఇంగ్లండులో గుర్రాలకి పెట్టే గింజ, స్కాట్లండులో మనుషుల్ని పోషించే గింజ అని వెక్కిరించాడు. కాబట్టి మొక్కజొన్న కొట్టెయ్యండి. కంకి కూడా వద్దంటాను. కంకి అంటే మా వైపు వాళ్లకి జొన్నకంకి బిర్రుగా, ముద్దగా కళ్ల ముందు కనబడుతుంది. ఓట్స్ గింజలు సన్నటి తొడిమలకి విడివిడిగా వేలాడతాయి, దూరం నుంచి చూస్తే వరికే దగ్గర. వెన్ను అనండి.

డేమెన్‌కి నిఘంటువు మాట అక్కర్లేదు. ఒకటీ అరా అని మనకి బంగారం లాంటి మాట ఉంది.

స్కాట్స్ పెద్ద నిఘంటువులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి, చూడండి. మన వైపు మాటలకి భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం చూడండి. అది మొత్తం వ్యవసాయ పదాలే. ఏ జిల్లాలో ఏమంటారో విడివిడిగా ఉంటుంది.

మానేరు ఒడ్డు

అక్కా, నాది జగిత్యాల దగ్గర పల్లె. మా దగ్గర వరికి కూడా కంకే అంటాం, సార్ ఏమీ అనుకోవద్దు. 🙂

నాకైతే ‘పరిగె’ అనిపిస్తోంది. కోత అయినంక పొలంలో రాలిన కంకులు ఏరుకునేది పరిగె. ఎలుక తినేది ఎంత? పరిగెంత. “నువ్వు పరిగె ఏరుకుంటే నాకేం తక్కువైతది” అంటే రైతు మాటలాగే ఉంటుంది, ఇరవై నాలుగు అనే లెక్క కూడా అక్కర్లేదు.

ఇంకొకటి. ఆ చరణం చివర ఏముందని ఇంగ్లీషులో చూశాను. మిగిలినదానితో నాకు దీవెన దొరుకుతుంది, పోయింది తెలియనే తెలియదు అని ఉంది. ఇక్కడ దీవెన అంటే చర్చిలో చెప్పినట్టు ఉంటుంది. మా నాయనమ్మ అయితే ‘బర్కతు’ అనేది. గింజ తక్కువైనా ఇంట్లో సరిపోతే బర్కతు ఉందనేది, ఎంత పండినా చాలకపోతే బర్కతు లేదనేది. అదే కదా ఈయన చెప్పేది?

పెనుగొండ పిల్ల

పదాల సంచి గారూ, మీ రాత ప్రింటు తీసి దగ్గర పెట్టుకున్నాను. చాలా థాంక్సండి.

మానేరు తమ్ముడూ, బర్కతు చదవగానే ఒళ్లు పులకరించింది. కానీ పరిగె దగ్గర నాకు అడ్డు తగులుతోంది. మా అమ్మమ్మ నన్ను వెంటేసుకుని పరిగెకి వెళ్లేది. పనలు కళ్లానికి వెళ్లిపోయాకే పొలంలో దిగనిచ్చేవారు. ఆసామి గట్టు మీద నిలబడి చూస్తున్నా ఏమీ అనేవాడు కాదు. రాలింది ఏరుకున్నవాళ్లది, అందులో సిగ్గు లేదు, దొంగతనం అసలే లేదు. ఒకసారి నేను, ఏడేళ్లుంటాయి, ఇంకా మొయ్యని పనలోంచి రెండు వెన్నులు లాగాను. అమ్మమ్మ అందరి ముందూ వీపు మీద ఒక్కటి చరిచి ఆ రెండూ వెనక్కి పెట్టించింది. పట్టుమని పిడికెడు గింజలు కూడా ఉండవు వాటిలో.

బర్న్స్ ఎలుకని దొంగ అనే అంటున్నాడు. కట్టిన పనలోంచి తీస్తోంది అది. పరిగె అని రాస్తే అసలు ఎలుక తప్పే చెయ్యలేదన్నమాట, ఇంక ఈయన ఒప్పుకునేదేముంది?

డెల్టా రైతు

చాలాసేపట్నుంచి చదువుతున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నా. 😄

ఆ కవిగారు మా సార్వా పొలానికి వచ్చి ఉంటే ఈ పద్యం రాసేవారు కాదు. ఒకటీ అరా వెన్నా! మా ఎలుకలు పొట్ట దశలోనే దుబ్బు అడుగుకి కొరికి పడేస్తాయి. తినేదానికన్నా పాడుచేసేది ఎక్కువ. కన్నం తవ్వితే లోపల వెన్నులు ఎవరో పేర్చి పెట్టినట్టు ఉంటాయి, వాటి కోసమే గట్లు తవ్వుకునేవాళ్లు ఉండేవారు. బుట్టలు పెట్టేవాళ్లని పిలిపించి ఎలుకకింత అని లెక్కగట్టి డబ్బులిస్తాం. తోకలు లెక్కపెడతాం, పద్యాలు చెప్పం.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. థ్రేవ్ లెక్క చదివాక ఈయన నిజంగా రైతే అని నమ్మకం కుదిరింది. పట్నం వాడైతే ‘పిడికెడు గింజలు’ అంటాడు. రైతుకి నష్టం ఎప్పుడూ ఇంతకి ఇంత అనే తోస్తుంది. బస్తాకి రెండు కేజీల తరుగు అన్నట్టు.

అచ్చొస్తుంది అనే మాట ఎవరూ అనలేదేం? మా తాత ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. లాభం, రెండు, మూడు. ఆ మనిషే మిగిలింది మనకి అచ్చొస్తే చాల్రా అనేవాడు.

పదాల సంచి

పరిగె విషయంలో అమ్మాయి చెప్పిందే సరి. నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను.

రైతు గారి మాటకి కొంచెం కలపాలి. బర్న్స్ తీరిగ్గా ఉండి దయ చూపించిన మనిషి కాదు. 1784 ఫిబ్రవరిలో తండ్రి పోయాడు, అప్పటికే కౌలు తగాదాల్లో నలిగిపోయి ఉన్నాడాయన. అన్నదమ్ములు రాబర్ట్, గిల్బర్ట్ కలిసి మాస్‌గీల్ అనే పొలం కౌలుకి తీసుకున్నారు. 118 ఎకరాలు, ఏడాదికి 90 పౌండ్ల కౌలు. ఎత్తు మీద ఉన్న నేల, అడుగున చల్లగా నీరు పట్టి ఉండేదని తమ్ముడు రాశాడు. మొదటి ఏడు కొన్న విత్తనాలు మంచివి కావు. రెండో ఏడు కోత ఆలస్యమైంది. రెండేళ్లూ సగం పంట పోయిందని 1787లో డాక్టర్ మూర్ అనే రచయితకి రాసిన ఉత్తరంలో బర్న్సే చెప్పుకున్నాడు.

ఆ రెండో ఏడే 1785. ఎలుక గూడు చెదిరింది ఆ నవంబరులో. సగం పంట చేతికి రాని మనిషి, ఇరవై నాలుగు పనలకి ఒకటీ అరా వెన్ను పోతే నాకు తెలియను కూడా తెలియదు అంటున్నాడు. తెలియకేం! ప్రతి పనా లెక్కే ఆ ఇంట్లో. అందుకే అమ్మా, ఆ అంకె వదలకండి. ‘కాస్త’ అంటే అది మంచితనం మాత్రమే అవుతుంది. ఇరవై నాలుగు అంటే లెక్క తెలిసిన మనిషి లెక్క వదులుకోవడం అవుతుంది.

ఇంకో సంగతి, పద్యం మొదట్లో నిన్ను తరిమి ‘పాటిల్’తో కొట్టను అంటాడు చూడండి. గుర్రాలు తోలే కుర్రాడు దాంతో ఎలుక వెంట పడితే బర్న్సే ఆపాడని చెబుతారు. పాటిల్ అంటే నాగలికి అంటుకున్న మట్టి గీకే చిన్న పార కర్ర. మా ఇంట్లో ములుకోల రెండో చివర ఇనప రేకు ఉండేది, అదే పనికి. ములుకోల అని వేసెయ్యండి, ఏ రైతూ తప్పు పట్టడు. మన నాగలికి ముందు నిలువు కత్తి ఉండదు కాబట్టి కూల్టర్ దగ్గర కర్రు అంటే సరిపోతుంది.

మానేరు ఒడ్డు

దొంగ ముచ్చట కరెక్టే అక్కా. పరిగె వాపస్.

పెనుగొండ పిల్ల

నిన్న రాత్రి డ్యూటీలో కూర్చుని ఆ చరణం ఇలా కుదుర్చుకున్నాను. ఛందస్సు అడక్కండి.

నువ్వు దొంగవే, అప్పుడప్పుడు, తెలుసులే నాకు,
అయితేనేం పిచ్చిదానా, నువ్వు బతకొద్దూ?
ఇరవై నాలుగు పనలకి ఒకటో అరో వెన్ను,
అదీ ఒక అడగడమేనా?
మిగిలిందే నాకు అచ్చొస్తుందిలే,
పోయిందన్న ఊసే ఉండదు.

బర్కతు పెట్టాలని చాలా ఆశపడ్డాను, కానీ నా నోట్లో అది అరువు మాటలా ఉంది. నేను పెరిగిన ఇంట్లో ఎవరూ అనలేదు. అచ్చొస్తుంది మా నాన్న రోజూ అనే మాట. తమ్ముడూ, నువ్వు నీ బర్కతుతో ఒకటి రాసి ఇక్కడే పెట్టు.

‘దొంగవే’ ముందుకి తెచ్చాను. మా అమ్మమ్మ చరుపు గుర్తొచ్చి.

పొద్దున టీ ఇచ్చేటప్పుడు పెద్దాయనకి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. వెన్ను అన్నచోట ఆపి, అది ఇకరా అని అడిగారు. అవునన్నాను. ‘వెన్ను’ అని ఆయనే రెండుసార్లు అన్నారు, న్న దగ్గర కష్టపడుతూ. తర్వాత ఒక ప్రశ్న వేశారు, దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దేశంలో స్టూక్‌కి ఎన్ని పనలు, అని.

మేం నిలబెట్టం, పడుకోబెట్టి ఆరబెడతాం, తర్వాత కుప్ప వేస్తాం అన్నాను. సరే, కుప్పకి ఎన్ని, అన్నారు. నాన్నకి ఫోన్ చేశాను. “ఎన్నని ఉంటుందే, ఎంత పండితే అంత. అయినా ఇప్పుడు పనలెక్కడివి, మిషను వచ్చి గంటలో కోసి గింజ చేతిలో పెట్టి పోతోంది” అన్నాడు. ఇదే ఆయనకి చెబితే ఒప్పుకోవడం లేదు. లెక్క లేకుండా కూలి ఎలా ఇచ్చారు అంటున్నారు.

మీ మీ ఊళ్లలో పనలకి ఏదైనా లెక్క పేరు ఉందా? ఇన్ని పనలైతే ఇది, అని? 25 లోపు చెబితే ఆయనకి చెప్పాలి.

డెల్టా రైతు

మా వైపు కోతా కుప్పా ఎకరం లెక్కన గుత్తకి ఇచ్చేవారు, పన లెక్క నేను వినలేదు. మా నాన్ననడిగి చెబుతాను. ఇప్పుడు పడుకున్నారు.